ముప్ఫయ్యొక్క గళ్ళ కార్డు

పిల్లలూ, ముందుగా మీకొక లెక్క.

ఒకామె ప్రతిరోజూ ఒక మనిషి చేతికి 10 చొప్పున 31 రోజులు ఇచ్చింది. అంటే మొత్తం 310. నెల నిండగానే ఆ మనిషి 300 ఆమెకు తిరిగి ఇచ్చి, 10 తాను ఉంచుకున్నాడు. ఆమె కోప్పడలేదు సరిగదా, మర్నాటినుంచి మళ్ళీ రోజుకు 10 చొప్పున ఇవ్వసాగింది.

బ్యాంకులో డబ్బు దాచుకుంటే వాళ్ళే మనకు వడ్డీ ఇస్తారు. ఈమె తన డబ్బు దాచుకోవడానికి తానే ఎదురు డబ్బు ఇచ్చుకుంటున్నది! ఈమె లెక్క రాని మనిషా? లేక ఆమెకు తెలిసిన లెక్క ఏదైనా మనకు తెలియడం లేదా?

జవాబు ఇప్పుడే చెప్పకండి. ముందు ఆమె ఊరు వెళ్ళి చూద్దాం.

ఆఫ్రికా ఖండం పటం తీయండి. పడమటి వైపున, అట్లాంటిక్ సముద్రపు ఒడ్డున, ఘనా అనే దేశం కనిపిస్తుంది. దాని ముఖ్యపట్టణం ఆక్రా. ఆ పట్టణంలో మకోలా అనే పెద్ద బజారు ఉన్నది. దానిని 1924లో కట్టారు. అక్కడ అమ్మకాలు సాగించేవాళ్ళు చాలావరకు ఆడవాళ్ళే. టమాటాలు, మిరపకాయలు, ఎండుచేపలు, రంగురంగుల బట్టలు, అన్నీ అక్కడ దొరుకుతాయి. 1979లో ఆనాటి సైనిక ప్రభుత్వం, సరుకుల ధరలు పెరగడానికి ఈ వర్తకురాళ్ళే కారణమని చెప్పి, బజారును కూలగొట్టించింది. అయినా ఆ ఆడవాళ్ళు చెదిరిపోలేదు. మళ్ళీ బుట్టలు దించి, మళ్ళీ అంగళ్ళు పెట్టారు.

ఘనాలో డబ్బు పేరు సెడి. 100 పెసెవాలు కలిస్తే ఒక సెడి. అక్కడి అకన్ భాషలో గవ్వ అనే మాటనుంచి ఈ పేరు వచ్చింది. మాల్దీవుల దగ్గర సముద్రంలో దొరికే గవ్వలు ఓడలెక్కి అంతదూరం వెళ్ళి, కొన్ని వందల ఏళ్ళపాటు నాణేలుగా చెల్లాయి. "చేతిలో చిల్లిగవ్వ లేదు" అని మీ ఇంట్లో పెద్దవాళ్ళు అనగా మీరు వినే ఉంటారు. మన దేశంలోనూ ఒకప్పుడు గవ్వలు డబ్బుగా చెల్లేవి. గవ్వలు పోయినా మాట మిగిలిపోయింది.

ఇప్పుడు మకోలాలో టమాటాలు అమ్ముకునే ఒక తల్లిని ఊహించుకోండి. ఆమెకు బడికి వెళ్ళే పిల్లలు ఇద్దరు. తెల్లవారకముందే లేచి, టోకు వర్తకురాలి దగ్గర ఒక పెట్టె టమాటాలు కొని, వాటిని చిన్న చిన్న కుప్పలుగా పేర్చి అమ్ముతుంది. సోమవారం ఖర్చులు పోను 60 సెడీలు మిగిలాయనుకోండి. మంగళవారం వాన కురిసి బేరాలు లేక 15 మాత్రమే మిగిలాయి. బుధవారం పెట్టె అడుగున టమాటాలు కుళ్ళి, అసలుకే మోసం వచ్చింది. గురువారం మళ్ళీ 40.

ఈ నాలుగు రోజులు ఆ ఇంట్లో తిండి మానుకున్నారా? లేదు. పిల్లలకు ఆకలి వానను చూసి ఆగదు గదా!

అంతటితో అయిపోలేదు. బడికి కట్టవలసిన డబ్బు రోజుకింత అని ఎవరూ అడగరు. యూనిఫారానికీ, పుస్తకాలకూ, పరీక్షకూ ఒక్కసారిగా కావాలి. ఇంటి అద్దె సంగతి మరీ విడ్డూరం. ఘనా పట్టణాల్లో ఇంటి యజమానులు ఒక ఏడాది అద్దెనో, రెండేళ్ళ అద్దెనో ముందుగానే ఒక్కసారిగా కట్టమంటారు. ఆరు నెలలకు మించి ముందుగా అడగకూడదని చట్టం ఉన్నా ఇది సాగుతూనే ఉన్నది.

చూశారా చిక్కు? ఆ తల్లికి డబ్బు వచ్చేది చూరునీళ్ళలాగా, చుక్కచుక్కగా. ఖర్చు వచ్చేది బిందెలు బిందెలుగా. బీదరికం అంటే డబ్బు తక్కువగా ఉండటం ఒక్కటే అని మనం అనుకుంటాం. అది సగం మాటే. ఎప్పుడు వస్తుందో తెలియకుండా వచ్చే డబ్బుతో, ఎప్పుడు వస్తుందో తెలియకుండా వచ్చే ఖర్చును ఎదుర్కోవడం రెండవ సగం. నెలజీతం వచ్చే ఇంట్లో ఒకటో తారీఖున ఒకసారి లెక్క వేసుకుంటే సరిపోతుంది. ఈ తల్లి ప్రతి సాయంత్రమూ లెక్క వేసుకోవాలి.

అందుకే ప్రతి సాయంత్రమూ ఆమె ఒక మనిషికోసం ఎదురు చూస్తుంది. అతను భుజాన సంచీ తగిలించుకుని, అంగడి అంగడికీ తిరుగుతూ వస్తాడు. ఈ పద్ధతిని అక్కడ సుసు అంటారు. అతను ఇచ్చిన కార్డు ఒకటి ఆమె దగ్గర ఉంటుంది. దాని మీద 31 గళ్ళు ఉంటాయి. ఆమె రోజుకు ఎంత కట్టదలచుకున్నదో మొదటిరోజే చెబుతుంది. ఆ మొత్తం పుచ్చుకుని అతను ఒక గడిలో గుర్తు పెడతాడు. గళ్ళన్నీ నిండితే నెల ముగిసినట్టు. ఒకరోజు కట్టిన డబ్బు అతని కూలి. మిగతాది ఆమెది.

"ఆ 10 సెడీలు దండగ గదా! ఇంట్లోనే ఒక డబ్బాలో వేసుకోవచ్చుగా?" అంటారు మీరు. ఆమె తరఫున మనం ఆలోచించి చూద్దాం.

బ్యాంకుకు వెళ్ళాలంటే అంగడి మూసుకోవాలి. బస్సు ఖర్చు పెట్టుకుని, వరసలో నిలబడి, 10 సెడీలు కట్టి వచ్చేసరికి ఎన్నో 10 సెడీల బేరం పోతుంది. సుసు మనిషి ఆమె బుట్ట దగ్గరికే వస్తాడు.

ఇంట్లో దాచుకుంటే దొంగల భయం సరే, దానికంటే పెద్ద భయం ఇంకొకటి ఉన్నది. పక్కింటి బిడ్డకు జ్వరం వస్తుంది. తమ్ముడికి ప్రయాణం తగులుతుంది. వాళ్ళు అడిగినప్పుడు డబ్బు డబ్బాలో ఉంటే "లేదు" అని ఎలా చెప్పడం? రేపు తనకు అవసరమొస్తే ఆదుకునేది కూడా వాళ్ళే. అదే డబ్బు కార్డులో ఉంటే, "సుసులో కట్టేశాను" అంటే సరిపోతుంది. అబద్ధం కాదు, ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఇక మూడవది అన్నిటికంటే ముఖ్యం. ఎవరైనా రోజూ వచ్చి అడిగితే తప్ప చిల్లర డబ్బు నిలవదు. మీ జేబులో అయిదు రూపాయల బిళ్ళ ఉంటే బడి ముందు బండివాడి దగ్గర జామకాయ చూడగానే ఏమవుతుందో మీకు తెలుసు గదా!

కాబట్టి ఆమె 10 సెడీలు పారేసుకోవడం లేదు. చుక్కలను బిందెగా మార్చే పనికి కూలి ఇస్తున్నది.

అయితే ఇందులో అపాయం లేకపోలేదు. సంచీతో వచ్చిన మనిషి సంచీతోనే మాయమైపోతే? అలా మోసపోయినవాళ్ళూ ఉన్నారు. అందుకే తెలిసిన మనిషినే, నలుగురూ మంచివాడన్న మనిషినే నమ్ముతారు. ఘనాలో ఈ సుసు మనుషులు కూడా ఒక సహకార సంఘంగా ఏర్పడ్డారు.

ఇది ఎక్కడో ఆఫ్రికాలో జరిగే వింత అనుకునేరు! స్టువర్ట్ రూథర్‌ఫర్డ్ అనే ఆయన బీదవాళ్ళ డబ్బు లెక్కల గురించి రాసి, 2000లో అచ్చు వేసిన పుస్తకంలో మన విజయవాడ ఉన్నది. అక్కడి బీదల పేటల్లో ఒకామె ఇంటింటికీ తిరిగి డబ్బు పోగుచేసేదట. ఆమె ఇచ్చే కార్డుకు 220 గళ్ళు. గడికి 5 రూపాయలు. కార్డు నిండితే 1,100 రూపాయలు. ఆమె 100 రూపాయలు తాను ఉంచుకుని 1,000 తిరిగి ఇచ్చేది. ఆక్రాకూ విజయవాడకూ మధ్య సముద్రం ఉన్నది, ఎడారి ఉన్నది. అయినా లెక్క ఒక్కటే! ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదు. ఒకే చిక్కు వచ్చినచోట ఒకే ఉపాయం తట్టింది, అంతే.

కూలి ఇవ్వకుండా బిందె నింపే ఉపాయం కూడా ఒకటి ఉన్నది. పదిమంది ఆడవాళ్ళు కలుస్తారు. వారానికి తలా 20 సెడీలు వేస్తారు. మొత్తం 200. అది ఆ వారం ఒకరికి ఇస్తారు. వచ్చే వారం ఇంకొకరికి. పది వారాల్లో అందరి వంతూ అయిపోతుంది. మన ఇళ్ళలో వేసే చీటీల వంటిదే. కాని మన చీటీలలో తరచు పాట పెడతారు. తొందరగా కావలసినవాళ్ళు కొంత తగ్గించుకుని తీసుకుంటారు. అక్కడ చాలాచోట్ల పాట ఉండదు, ఎవరి వంతు వారిది.

ఇందులో ఒక చక్కని లెక్క ఉన్నది, జాగ్రత్తగా వినండి. ఆ పదిమందీ ఎవరికి వారు వారానికి 20 చొప్పున దాచుకుంటే, 200 చేతికి రావడానికి అందరికీ పదేసి వారాలు పడుతుంది. కలిసి వేసుకుంటే మొదటి ఆమెకు మొదటి వారంలోనే వస్తుంది, రెండవ ఆమెకు రెండవ వారంలో. ఆఖరి ఆమెకు పదో వారంలో. అంటే తొమ్మిదిమందికి ముందుగా వచ్చింది. పదో ఆమెకు కూడా ఆలస్యం కాలేదు! ఎవరి డబ్బూ పెరగలేదు, అయినా అందరికీ మేలు జరిగింది. దీనికి పెట్టుబడి ఒక్కటే, నమ్మకం. తన వంతు పుచ్చుకున్న తరువాత కట్టడం మానేసే మనిషి ఒక్కరు చేరినా బిందెకు చిల్లి పడ్డట్టే.

ఈ పద్ధతికి ఆఫ్రికాలో దేశానికొక పేరు. నైజీరియాలో యోరుబా జాతివాళ్ళు ఎసుసు అంటారు. కెన్యాలో చామా, ఇథియోపియాలో ఎక్కుబ్. దక్షిణాఫ్రికాలో స్టాక్‌వెల్. పశువుల సంతను ఇంగ్లీషువాళ్ళు స్టాక్ ఫెయిర్ అనేవారు, ఆ మాటే అలా మారింది. ఎసుసు అన్న మాట వెనక కన్నీటి కథ ఒకటి ఉన్నది. పడమటి ఆఫ్రికా మనుషులను సంకెళ్ళు వేసి, ఓడల్లో అట్లాంటిక్ దాటించి, బానిసలుగా అమ్మిన కాలం ఒకటి ఉండేది. వాళ్ళు వెంట ఏమీ తీసుకుపోలేకపోయారు. కాని ఈ పద్ధతి వాళ్ళ తలల్లో ఉండిపోయింది. ఇప్పటికీ ట్రినిడాడ్ దీవిలో జనం సుసు వేసుకుంటూనే ఉన్నారు, పేరు కూడా అదే!

బీదవాళ్ళు డబ్బును ఎలా నడుపుతారో చూడాలని కొందరు పరిశోధకులు ఒక తమాషా పని చేశారు. ఒక్కసారి వెళ్ళి ప్రశ్నలు అడిగి రావడం కాకుండా, పదిహేను రోజులకొకసారి చొప్పున ఏడాది పొడుగునా అవే ఇళ్ళకు వెళ్ళి, వచ్చిన ప్రతి పైసా, పోయిన ప్రతి పైసా డైరీలో రాసుకున్నారు. దక్షిణాఫ్రికాలో ఈ పని 2004లో జరిగింది. బంగ్లాదేశ్‌లోనూ, మన దేశంలోనూ కూడా జరిగింది. మూడు దేశాల్లో కలిపి 250కి పైగా ఇళ్ళ డైరీలు తయారయ్యాయి. 2009లో అవి పుస్తకంగా వచ్చాయి.

ఆ డైరీల్లో ఏమి తేలిందో తెలుసా? దాచడానికీ, అప్పు తెచ్చుకోవడానికీ, ఆపదకు ముందుజాగ్రత్త పడటానికీ నాలుగు రకాల మార్గాలకంటే తక్కువ వాడిన కుటుంబం ఒక్కటి కూడా లేదు! దక్షిణాఫ్రికాలో సగటున ఒక్కొక్క ఇల్లు పది రకాలు వాడింది. చీటీ ఒకటి, దుకాణంలో ఖాతా ఒకటి, బంధువు దగ్గర చేబదులు ఒకటి, ఇంట్లో చావు జరిగితే సాయం చేసే సంఘంలో చందా ఒకటి. ఇథియోపియాలో ఇటువంటి సంఘాన్ని ఇద్దిర్ అంటారు. ఇంకా కొందరు డబ్బు చేతికి రాగానే నాలుగు ఇటుకలు కొంటారు. ఆఫ్రికా ఊళ్ళలో సగం లేచిన గోడలు చూసి "కట్టలేక వదిలేశారు" అనుకుంటే పొరపాటు. అది గోడ రూపంలో ఉన్న హుండీ. ఇటుకను బంధువులు చేబదులు అడగరు గదా! పల్లెల్లోనయితే మేకను కొంటారు. ఆ హుండీ పిల్లలు కూడా పెడుతుంది. కాని ఒక్కొక్కసారి జబ్బుచేసి చచ్చిపోతుంది.

హుండీ అంటే జ్ఞాపకం వచ్చింది. పశ్చిమ కెన్యాలో పాస్కలీన్ డ్యూపా, జొనాథన్ రాబిన్సన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఒక పరీక్ష చేశారు. కొందరికి పైన సన్నని చీలిక, తాళం, తాళంచెవి ఉన్న ఇనపపెట్టె ఇచ్చారు. దోమతెరకో, మందుకో, ఏదో ఒక ఆరోగ్యపు ఖర్చుకు డబ్బు దాచుకొమ్మన్నారు. ఇంకా కొందరికి పెట్టె ఇవ్వలేదు, దాచుకొమ్మని మాత్రం చెప్పారు. తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉన్నది, ఎప్పుడైనా తీసుకోవచ్చు. అటువంటి పెట్టెవల్ల ఏం ఒరుగుతుంది? 2013లో అచ్చయిన ఫలితం చూస్తే, పెట్టె ఉన్నవాళ్ళు ఆరోగ్యంమీద మూడింట రెండు వంతులు ఎక్కువ ఖర్చు పెట్టగలిగారు. ఎందుకని? పెట్టెలో పడిన డబ్బుకు ఒక పేరు వచ్చింది. అది దోమతెర డబ్బు. మన ఇళ్ళలో పసుపుబట్టలో కట్టిన ముడుపును ఎంత అవసరం వచ్చినా ఎవరూ విప్పరు చూడండి, అలాగన్నమాట.

నైజర్ దేశంలో ఈ పెట్టె ఇంకా పెద్దదయింది. 1991లో మరాది ప్రాంతపు ఆడవాళ్ళు, కేర్ అనే సంస్థ సాయంతో, పొదుపు సంఘాలు మొదలుపెట్టారు. ఆ పద్ధతి తరువాత ఆఫ్రికాలో ఎన్నో దేశాలకు పాకింది. ఇప్పుడు ఇటువంటి సంఘాల్లో డబ్బుపెట్టెకు మూడు తాళాలు ఉంటాయి. మూడు తాళంచెవులూ ముగ్గురి దగ్గర ఉంటాయి, పెట్టె నాలుగో మనిషి ఇంట్లో ఉంటుంది. అందరూ వచ్చి కూర్చుంటే తప్ప మూత తెరుచుకోదు. పిల్లవాడికి జబ్బుచేసినా, విత్తనాలు కావలసినా అందులోనుంచే అప్పు ఇస్తారు. దానిమీద వచ్చే వడ్డీ షావుకారుకు పోదు. ఏడాది చివర పెట్టె విప్పి పంచుకున్నప్పుడు వాళ్ళకే తిరిగి వస్తుంది.

ఇక మీ అందరికీ తెలిసిన వస్తువు దగ్గరికి వద్దాం. కెన్యాలో 2007 మార్చిలో ఎం-పెసా మొదలయింది. పెసా అంటే స్వాహిలీ భాషలో డబ్బు. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? మన పైసాయే! ఇంగ్లీషువాళ్ళు ఏలిన కాలంలో తూర్పు ఆఫ్రికాలో మన రూపాయలూ పైసలూ చెల్లేవి. పట్నంలో కూలి చేసే తండ్రి వీధి చివరి దుకాణంలో నోట్లు ఇస్తాడు. ఆ మొత్తం అతని ఫోనులో చేరుతుంది. అతను ఒక సందేశం పంపగానే, పల్లెలో ఉన్న తల్లి తన ఊరి దుకాణంలో నోట్లు తీసుకుంటుంది. ఖరీదైన ఫోను అక్కర్లేదు, బొత్తాల ఫోను చాలు. అంతకు ముందయితే బస్సు డ్రైవరు చేతికి కవరు ఇచ్చి, దేవుడిమీద భారం వేసేవారు.

దీనివల్ల ఏమి మారింది? టవ్‌నీత్ సూరి, విలియం జాక్ అనే ఇద్దరు ఈ సంగతి పరిశీలించి 2014లో ప్రకటించారు. ఇంట్లో జబ్బో, పంట నష్టమో వంటి ఆపద వచ్చినప్పుడు ఎం-పెసా లేని కుటుంబాలు తమ వాడకాన్ని నూటికి 7 వంతులు తగ్గించుకోవలసి వచ్చింది. ఎం-పెసా ఉన్న కుటుంబాల్లో ఆ తగ్గుదల కనిపించలేదు. ఎందుకంటే దూరాన ఉన్న అన్నో, మేనమామో ఆ సాయంత్రానికే సాయం పంపగలిగారు. నూటికి 7 అంటే చిన్న అంకెలాగా ఉన్నది గదా? అప్పటికే చాలీచాలని పళ్ళెంలోనుంచి ఆ 7 వంతులు తీసేసి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

కాని ఫోనులో డబ్బు వచ్చినంత తేలికగా అప్పు కూడా రాసాగింది. బొత్తాం నొక్కితే అప్పు! తీర్చేటప్పుడు మాత్రం బొత్తాం నొక్కితే సరిపోదు. నెల తిరగకముందే రుసుముతో సహా కట్టాలి. ఒక అప్పు తీర్చడానికి ఇంకొకటి తీసి చిక్కుల్లో పడ్డవాళ్ళు కెన్యాలో చాలామంది. చీటీ వేసేచోట పక్కమనిషి "ఎందుకమ్మా ఇంత అప్పు?" అని అడుగుతుంది. ఫోను అలా అడగదు.

సరే, ఇప్పుడు మన లెక్కకు వద్దాం. 310 ఇచ్చి 300 పుచ్చుకున్న ఆ తల్లి తెలివితక్కువదా?

బడి తెరిచే రోజున ఆమె చేతిలో 300 సెడీలు ఉన్నాయి. ఆ 10 మిగుల్చుకోవాలని ఇంట్లోనే ఉంచుకుంటే, బహుశా వాటిలో సగం కూడా ఉండేవి కావు. అప్పుడు పెద్దపిల్ల యూనిఫారం లేక ఇంటి దగ్గర ఆగిపోయేది. ఆమె ఇచ్చిన 10 సెడీలు ఆ పిల్లను బడికి చేర్చాయి. ఆమె లెక్క ఆమెకు బాగా తెలుసు.

అయితే ఇంకొక మాట కూడా మరచిపోకండి. జీతగాడు తన డబ్బు దాచుకుని వడ్డీ పుచ్చుకుంటుంటే, రోజూ చెమటోడ్చే ఆ తల్లి ఎందుకు ఎదురు కూలి ఇచ్చుకోవాలి? ఆమె తెలివి గొప్పదే. కాని అంత తెలివి ఖర్చు పెట్టవలసి రావడం న్యాయం కాదు. బుట్ట దగ్గరికే వచ్చి, చిల్లర డబ్బును చిన్నచూపు చూడక, భద్రంగా దాచే ఏర్పాటు తక్కువ ఖర్చుతో చేయగలిగినవాళ్ళు ఆమెకు నిజమైన మేలు చేసినవాళ్ళవుతారు. మీలో ఎవరైనా పెద్దయిన తరువాత ఆ పని చేయవచ్చు.

దానికి ఇప్పటినుంచే అభ్యాసం కావాలంటే ఒక పని చేయండి. ఒక పాత నోటుపుస్తకంలో నాలుగు గీతలు గీయండి. తేదీ, వచ్చినది, పోయినది, ఎందుకు. ఒక నెలపాటు మీ చేతికి వచ్చిన ప్రతి రూపాయినీ అందులో రాయండి. అమ్మనూ నాన్ననూ అడిగి, ఇంటి ఖర్చుల్లో రోజూ వచ్చేవి ఏవో, ఒక్కసారిగా మీద పడేవి ఏవో వేరువేరుగా రాయండి. వీధిలో కూరలమ్మే అవ్వ మీకు బాగా తెలిసినావిడ అయితే, ఆమె తన డబ్బు ఎలా దాచుకుంటుందో మర్యాదగా అడగండి. ఆమె చెప్పే లెక్క మీ లెక్కల పుస్తకంలో ఉండదు. ఒకసారి వింటే మాత్రం మరచిపోరు.